తెల్లమ్మాయి అనని మాట

జీవరత్నం చదువు ఐదో తరగతిలో ఆగింది. ఇంగ్లీషు మాత్రం ఆగలేదు. బందరులో మిషన్ బంగళా ఉన్న రోజుల్లో వాళ్ళమ్మ అక్కడ వంట చేసేది. ఆ బంగళాలో ఉండే ముసలి దొరసానికి నా అన్నవాళ్ళు లేరు. జీవరత్నాన్ని వంటింటి గడప మీద కూర్చోబెట్టుకుని, చిక్కుడుకాయల ఈనెలు తీయిస్తూ ఏవో కబుర్లు చెబుతూ ఉండేది. అలా చెవిన పడి నోట నిలిచిన ఇంగ్లీషు అది. చదవమంటే రాదు. రాయమంటే అంతకన్నా రాదు. మాట్లాడమంటే మాత్రం ఎదుటివాళ్ళు నోరు తెరవాల్సిందే.

పెళ్ళయ్యాక ఆ ఇంగ్లీషుతో పనేమీ పడలేదు. భర్త డేవిడ్ రాజు ఆర్టీసీలో కండక్టరు. బందరుకీ అవనిగడ్డకీ మధ్య తిరిగే బస్సులోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది. "మా ఇంట్లో దొరసాని ఉందిరా. కోపమొస్తే ఇంగ్లీషులో తిడుతుంది. నాకర్థం కాదు గనక కాపురం సాగుతోంది" అని డిపోలో అందరినీ నవ్వించేవాడు.

ఆ మనిషి పోయి ఏడాది దాటింది. కడుపులో పుండన్నారు, మందులన్నారు, చివరికి మంచానికి అతుక్కుపోయి ఆనవాలు లేకుండా అయిపోయాడు. అది పుండు కాదని జీవరత్నానికి మొదటి రోజే తెలుసు. గుడివాడలో ఉన్న కూతురు సులోచనకి తెలుసు, అల్లుడికి తెలుసు, సంఘంలో ప్రార్థన చేసిన ప్రతివాళ్ళకీ తెలుసు. తెలియనిది ఆయనొక్కడికే. రోగికి చెప్పకూడదు, చెబితే రోగంతో కాదు బెంగతోనే పోతాడు. ఎవరింట్లోనైనా అంతే కదా.

రోజూ సాయంత్రం అడిగేవాడు, "డాక్టరేవన్నాడే?" అని. "మానుతోందన్నాడు" అని చెప్పేది. చివరి వారం ఆయన అడగడం మానేశాడు. ఎందుకు మానేశాడన్నది జీవరత్నం గుండెలో ముల్లులా ఉండిపోయింది. తెలిసిపోయి మానేశాడా, ఇది నిజం చెప్పదులే అని మానేశాడా? ఆయన పోయాక ఆవిడ కూర వండుకోవడం తగ్గించేసింది. పచ్చడీ మజ్జిగా చాలనిపించేది. సులోచన ఆదివారం ఆదివారం వచ్చి, "మా ఇంటికొచ్చెయ్యమ్మా" అని పోరేది. "చూద్దాంలే" అనేది. చూసేది లేదు, పెట్టేది లేదు.

అలాంటప్పుడు ఒకరోజు పాస్టరమ్మగారు వచ్చారు. వేల్స్ అనే దేశం నుంచి ఒక నర్సింగు చదివే పిల్ల మన ఊరి ఆసుపత్రికి వస్తోంది, నెలన్నర ఉండి పని చూస్తుంది, ఇంగ్లీషు వచ్చిన ఇల్లొకటి కావాలి, కారం తక్కువేసి ఇంత అన్నం పెట్టే చెయ్యి కావాలి అన్నారు. జీవరత్నం వెంటనే సరేనంది. ఇంట్లో ఇంకో కంచం పెట్టొచ్చని తప్ప వేరే ఆలోచన లేదు.

ఆ పిల్ల పేరు మేగన్. సన్నగా, పొడుగ్గా, ముఖమంతా చుక్కలు చుక్కలుగా ఉంది. ఎండకి రెండో రోజుకే ముక్కు ఎర్రగా కందిపోయింది. మొదటి రోజు ఆసుపత్రి నుంచి వచ్చి వసారాలో కూలబడి మంచినీళ్ళు గటగటా తాగింది. ఇద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవాళ్ళు.

"ఎట్లా ఉంది తల్లీ మా ఆసుపత్రి?" అని అడిగింది జీవరత్నం.

"రోగుల కన్నా మనుషులే ఎక్కువున్నారాంటీ. మంచం మీద ఒకరుంటే మంచం కింద చాప మీద ఇద్దరున్నారు. అన్నం వాళ్ళే పెడతారు, ఒళ్ళు వాళ్ళే తుడుస్తారు, మందులు వాళ్ళే పరిగెత్తి కొనుక్కొస్తారు. మరి నర్సులెందుకా అనుకున్నాను. తర్వాత చూస్తే ఆ నర్సులకి నిలబడి నీళ్ళు తాగే తీరిక లేదు." ఇంకో గుక్క తాగి మళ్ళీ అంది, "ఒక ముసలాయన చేతికి సెలైను ఎక్కుతోంది. నన్ను చూసి, ఆ సీసా రెండో చేత్తో పైకెత్తి పట్టుకుని లేచి, తన స్టూలు నాకిచ్చాడు. నాకు ఏడుపొచ్చింది."

"కూర్చున్నావా మరి?"

"ఎలా కూర్చుంటాను?"

"అయ్యో, కూర్చోవాల్సింది! పాపం ఆయనెంత చిన్నబుచ్చుకున్నాడో."

మేగన్ ఆవిడ వంక వింతగా చూసింది. "నేను డాక్టర్ని కాను, ఇంకా చదువుకుంటున్నానని ఎంత చెప్పినా వినరాంటీ. నవ్వుతారు. తల మీద చెయ్యి పెట్టమంటారు. పెడితే జ్వరం తగ్గిందంటారు. నేను వాళ్ళని మోసం చేస్తున్నట్టుంది."

"నమ్మకం తల్లీ. దానికి నువ్వేమైనా డబ్బులు తీసుకుంటున్నావా, పోనీ" అని నవ్వేసింది జీవరత్నం. ఆ నవ్వు విని ఆవిడకే కొత్తగా అనిపించింది.

ఇంకో మాట కూడా చెప్పింది మేగన్. ఆ మాట జీవరత్నానికి ఆ రోజు మింగుడు పడలేదు. "డాక్టరు మంచం దగ్గరకొచ్చి రోగితో మాట్లాడరు, కొడుకుతో మాట్లాడతారు. కొడుకుని వరండాలోకి తీసుకెళ్ళి చెబుతారు. మా దగ్గర ముందు రోగికే చెబుతారు. ఇంట్లోవాళ్ళకి చెప్పాలా వద్దా అని రోగిని అడుగుతారు."

"రోగినా?"

"రోగినే. జబ్బు ఆయనది కదా."

జీవరత్నం వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద ఏమీ లేకపోయినా గరిటె పట్టుకుని కాసేపు నిలబడింది.

మర్నాటి నుంచి ఆవిడ కూడా ఆసుపత్రికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళ వార్డు చూసే పెద్ద నర్సు ఎలీసబెతు సంఘంలో మనిషే. "ఆ పిల్లకి తెలుగు రాదు, మాకు తీరిక లేదు. నువ్వొచ్చి కాస్త ఆ మాట ఈ మాట అందించి పెట్టక్కా, నీకూ పొద్దుపోతుంది" అంది. పొద్దుపోవడమేమిటి, ఆవిడకి ప్రాణం లేచొచ్చినట్టే అయింది. నొప్పి ఎక్కడుంది, అన్నం సయిస్తోందా, విరోచనమైందా, ఇవన్నీ ఇంగ్లీషులోకి పంపించి, అటునుంచి వచ్చిన మాట తెలుగులో అందించేది. ఇస్త్రీ చీర కట్టుకుని మేగన్ పక్కన నడుస్తుంటే, మంచాల మీద వాళ్ళు ఇద్దరికీ కలిపి దండం పెట్టేవాళ్ళు. మేగన్ పేరు ఎవరికీ నోరు తిరగక మేఘనమ్మ అయిపోయింది.

కిటికీ పక్క మంచం పాపాయమ్మది. దివిసీమలో నాగాయలంక దాటాక ఉండే పల్లె. ఊడ్పుల కాలం వస్తే పదిమంది ఆడవాళ్ళని వెంటేసుకుని చేలల్లో దిగే మనిషి. ఒళ్ళంతా ఎముకల గూడైపోయినా గొంతు మాత్రం గట్టు అవతలికి వినపడేలాగే ఉంది. మొదటి రోజే జీవరత్నం భర్త ఎవరో ఆరా తీసింది.

"అవనిగడ్డ బస్సులో కండక్టరా? పొట్టిగా, నవ్వుతా ఉండేవోడు? ఓలమ్మో! నారుకట్ట బస్సులో ఎక్కించనంటే దానికీ టిక్కెట్టు కొట్టమని దెబ్బలాడాను ఆయనతో! కొట్టకుండానే ఎక్కించుకున్నాడు మారాజు. నువ్వు నాకు అక్కవే అయితే."

ఆ రోజు నుంచి అక్కా అనే పిలుపు. జీవరత్నం ఇంటినుంచి మెత్తగా ఉడికించిన అన్నం, పెసరకట్టు తెచ్చిపెట్టేది. పాపాయమ్మ కొడుకు శోభనాద్రి ఆటో నడుపుతాడు. తల్లికి తలదువ్వి జడేసేంత నెమ్మదైన వాడు. విక్రమ్ డాక్టరుగారు అతన్ని వరండాలోకి పిలిచి చెప్పిన రోజున జీవరత్నం అక్కడే ఉంది. గడ్డ కాలేయం దాకా పాకింది, కోసి లాభం లేదు, నొప్పి లేకుండా చూద్దాం అన్నారు. మధ్యాహ్నానికల్లా ఆ సంగతి వార్డంతా పాకింది. "పెద్ద జబ్బంట" అని ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు చెప్పుకుని, పాపాయమ్మ వైపు తిరిగి, "రేపో మాపో ఇంటికెళ్ళిపోతావులే పిన్నీ" అన్నారు.

పాపాయమ్మ కూతురు గాయత్రి కువైట్‌లో ఒకరింట్లో వంటపని చేస్తోంది. రోజూ వీడియో ఫోన్ చేస్తుంది. రెండేళ్ళయింది వచ్చి. ఇంటివాళ్ళు ఇప్పుడైతే సెలవిచ్చి పంపిస్తామన్నారట. ఇప్పుడు కాదంటే మళ్ళీ రంజాన్ వెళ్ళాకే. "రానా అమ్మా, రానా" అని ఆ పిల్ల ఒకటే అడుగుతోంది. పాపాయమ్మకి తేలడం లేదు.

ఒకరోజు మేగన్ నాడి చూడ్డానికి చెయ్యి పట్టుకుంటే, పాపాయమ్మ ఆ చేతిని వదల్లేదు.

"అక్కా, ఈ తల్లిని నిజం అడుగు. ఈ ఇంజిషన్లోళ్ళు, బాటిళ్ళోళ్ళు ఎవరూ తిన్నగా చెప్పట్లేదు. ఈవిడైతే పైదేశం మనిషి, మనకి చుట్టమా పక్కమా, మొహమాటం లేకుండా చెప్పుద్ది. నా పిల్లని రమ్మనమంటదా, వద్దంటదా?"

జీవరత్నం ఇంగ్లీషులో అడిగింది. మేగన్ ముఖం కందిపోయింది. ఒంగి పాపాయమ్మ కళ్ళలోకి చూస్తూ మెల్లగా అంది, "జబ్బు సంగతి నేను చెప్పకూడదు, డాక్టర్ని అడగమనండి. కానీ కూతుర్ని చూడాలని ఉంటే రమ్మనమనండి. తప్పకుండా రమ్మనమనండి."

మంచం చివర శోభనాద్రి నిలబడి ఉన్నాడు. వాడికి ఇంగ్లీషు రాదు గాని ఆ పిల్ల ముఖం చదవడం వచ్చు. జీవరత్నం వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. చిన్నగా, కనీకనిపించనట్టు. అదే ఊపు. సులోచన తన నాన్న మంచం దగ్గర నిలబడి ఊపిన ఊపు.

"తగ్గిపోతుందంటోంది పాపాయమ్మా" అంది జీవరత్నం. "కంగారుపడి పిల్లని రప్పించక్కర్లేదంటోంది."

తడుముకోలేదు, తడబడలేదు. నూనె రాసినట్టు జారి వచ్చేసింది అబద్ధం. పాపాయమ్మ మేగన్ చేతిని రెండు కళ్ళకీ అద్దుకుంది. మేగన్ ఆవిడ చెయ్యి నిమిరి, మంచి మాట చెప్పానన్న నిమ్మళంతో పక్క మంచానికి వెళ్ళింది.

అక్కడినుంచి పాపాయమ్మ తీరే మారిపోయింది. పెసరకట్టు ఇంకాస్త పొయ్యమంది. కోతలకి లేచి వెళ్ళాలంది, ముఠా ఆడవాళ్ళు తను లేకపోతే ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పట్టుకుంటారంది. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ మేగన్ని చూపించి, "ఆ తెల్లడాక్టరమ్మే చెప్పింది నాకు" అనేది. జీవరత్నం ముందర సంబరపడింది. చూశావా, మంచిమాటకి ఎంత బలముందో, తిండి పడుతోందిగా అనుకుంది. శోభనాద్రి ఆటోలో ఇంటిదాకా దింపి, "మీ రుణం ఉంచుకోనండి" అన్నాడు. ఆ మాట ఎందుకో చెవికి ఇంపుగా అనిపించలేదు.

తర్వాతొకనాడు పొద్దున వీళ్ళు వార్డులోకి అడుగుపెట్టేసరికి పాపాయమ్మ ఫోనులో కూతురితో మాట్లాడుతోంది. "వద్దన్నానా! ఒచ్చి ఏం చేత్తావే, నా మొకం చూసి కూచుంటావా? రంజాన్ అయ్యాక రా, ఈలోగా కోతలైపోతయ్. ఎవరు చెప్పారేంటి, డాక్టరమ్మే చెప్పింది! ఇదిగో, ఇదిగో నువ్వే చూడు" అని ఫోను మేగన్ ముఖానికెదురుగా పెట్టేసింది.

ఫోనులో నెత్తిన గుడ్డ కట్టుకున్న పిల్ల, వెనకాల పెద్ద వంటిల్లు. చేతులు జోడించి, ఏడుస్తూ నవ్వుతూ, "థాంక్యూ మేడమ్, థాంక్యూ మేడమ్" అంటోంది. మేగన్‌కి ఏమీ తెలియదు. నోరారా నవ్వి, చెయ్యి ఊపింది. ఊపుతూనే ఉంది, ఆ పిల్ల ఫోను పెట్టేసేదాకా.

జీవరత్నం తెచ్చిన పెసరకట్టు గిన్నె మూత తియ్యకుండానే బల్ల మీద పెట్టేసింది.

సాయంత్రం కంచాల ముందు కూర్చున్నాక మేగన్ అడిగింది. "ఆంటీ, ఆ అమ్మాయి నాకెందుకు థాంక్స్ చెప్పింది? ఎప్పుడొస్తోందట?"

"చారు పోసుకో తల్లీ, చల్లారిపోతోంది."

"టిక్కెట్టు దొరికిందా?"

జీవరత్నం చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. ఒకరి నోటి కూడు తింటున్నట్టుంది ఆవిడకి. "రావట్లేదు. నువ్వు వద్దన్నావని రావట్లేదు" అంది. తర్వాత ఆ రోజు తను అన్నదంతా, ఒక్క మాట దాచకుండా చెప్పేసింది.

మేగన్ అరవలేదు. అరిస్తే బాగుండేది. చేతిలో చెంచా కంచం పక్కన పెట్టింది. "నా నోటితో చెప్పించారు" అంది. "నేను నవ్వాను ఆంటీ. ఆ అమ్మాయి ఏడుస్తుంటే చెయ్యి ఊపాను."

"అందరం అలాగే చెబుతాం తల్లీ. ప్రేమ కొద్దీ చెబుతాం. మా ఆయనక్కూడా..." అని గోడ మీది డేవిడ్ రాజు ఫోటో వైపు చూసి, చివరి వారం ఆయన అడగడం మానేసిన సంగతి చెప్పింది. కన్నకూతురికి కూడా చెప్పుకోని మాట అది. చెప్పాక ఈ పిల్ల లేచొచ్చి భుజం మీద చెయ్యేస్తుందని ఎక్కడో ఆశపడింది కాబోలు.

మేగన్ లేవలేదు. "ఆయన అడిగింది మిమ్మల్ని, చెప్పిందీ మీరే. ఈవిడ నన్ను అడిగింది. నేను నిజమే చెప్పాను. అది ఆవిడకి చేరలేదు" అని తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

మర్నాడు వార్డులోకి వెళ్ళేముందు జీవరత్నం ఎలీసబెతును పక్కకి పిలిచి చెప్పింది. ఏదో ఒకటి ఆవిడే సర్దుతుందేమో, డాక్టరుగారితో చెప్పిస్తుందేమో అని. ఎలీసబెతు ముఖం గంటు పెట్టుకుంది.

"డాక్టరుగారు ఎవరినీ దాయమనలేదక్కా. రోగి అడిగితే రోగికీ చెబుతారు. కొడుకే వద్దని బతిమాలుకున్నాడు, సరే, ఆవిడ అడిగినప్పుడు చూద్దామన్నారు. ఆవిడ అడగలేదు. ఇంకెందుకడుగుద్ది? నువ్వు చెప్పేశావుగా."

ఆ మాట చెంప మీద కొట్టినట్టుంది. తప్పు ఇంకెవరి మీదికీ తోయడానికి లేదు.

శోభనాద్రి గేటు దగ్గర టీ కొట్టు ముందున్నాడు. జీవరత్నం వెళ్ళి, "బాబూ, మీ అమ్మకి నిజం చెబుతాను. ముందు నీతో చెప్పి వెళదామని వచ్చాను" అంది.

వాడు టీ గ్లాసు దించాడు. "ఏం చెప్తారండీ? సచ్చిపోతన్నావని చెప్తారా?"

"ఆ పిల్ల వద్దనలేదని చెబుతాను. మీ చెల్లెల్ని రమ్మనమని చెబుతాను."

"గాయత్రొచ్చి కూచుంటే ఆవిడకి తెలిసిపోద్దండీ. తెలిస్తే ఈ నాలుగు మెతుకులూ తినదు. కాళ్ళు పట్టుకుంటానండీ."

"మా ఆయనకి మేమూ అట్లాగే దాచాం నాయనా..."

"ఆవిడ నా తల్లండీ, మీ ఆయన కాదు" అన్నాడు వాడు. అనేసి, అంత పెద్దావిడని అన్నందుకు వాడే సిగ్గుపడి తల దించుకున్నాడు.

నిజమే. ఆవిడ వాడి తల్లే. డేవిడ్ రాజు అడగడం మానేసిన బాధని తీసుకొచ్చి ఇంకొకరి తల్లి మంచం మీద దింపుకుంటున్నానా అని జీవరత్నానికి అనిపించింది. కానీ ఆ గాయత్రి ముఖం కళ్ళలోంచి పోవట్లేదు. "పోనీ నువ్వే చెప్పు. నీ మాటగా చెప్పు" అంది.

"నాకు నోరు రాదండీ."

"అయితే నన్నాపకు."

వాడు టీ కింద పారబోసి, ఆటోలో వెళ్ళి కూర్చున్నాడు, ఆసుపత్రికి వీపు పెట్టి.

పాపాయమ్మ దిండుకి ఆనుకుని బత్తాయి తొనలు ఒలుస్తోంది. "రా అక్కా, రా. మేఘనమ్మకి ఈ రెండు తొనలూ పెట్టు" అంది.

మేగన్ మంచం పక్కన నిలబడింది. జీవరత్నం స్టూలు మీద కూర్చోబోయి మానేసింది.

"పాపాయమ్మా, ఆ రోజు నువ్వడిగావే పిల్లని రమ్మనమంటావా అని. ఈ అమ్మాయి వద్దనలేదు."

"ఆఁ?"

"వద్దనలేదు. రమ్మనమంది. చూడాలనుంటే తప్పకుండా రమ్మనమంది. తగ్గిపోతుందని ఈ పిల్ల అననే లేదు. ఆ మాట నాది."

పాపాయమ్మ చేతిలో తొన అలాగే ఉంది. జీవరత్నాన్ని చూడలేదు. మేగన్‌ని చూసింది, ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు చూసింది.

"అయితే తగ్గదా?"

జీవరత్నం తగ్గదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఈసారి దాచడానికి కాదు.

"శోభనాద్రికి తెలుసా?"

"తెలుసు."

పాపాయమ్మ వార్డంతా కలయజూసింది. పక్క మంచం ఆవిడ కొంగు ముఖాన కప్పుకుని అటు తిరిగి పడుకుంది. ఎదురు మంచం వాళ్ళు కారేజీ గిన్నెలు సర్దుకోవడంలో పడ్డారు.

"వీళ్ళందరికీ తెలుసా?" అంది. "ఓరి మీ... నా చావు సంగతి ఊరందరికీ తెలిసి నాకు తెలవదా! కోతలకి వెళ్తానని డప్పు కొట్టుకుంటా ఉంటే చెవులప్పగించి విన్నారే! ఎంత నవ్వుకున్నారో."

"నవ్వుకోలేదు పాపాయమ్మా..."

"మీరుండండి." ఆ గొంతులో ఎక్కడా అక్క లేదు. "రమ్మంటే పరిగెత్తుకొచ్చే పిల్లని నా నోటితో వద్దనిపించారు. పెసరకట్టు తెచ్చిపెట్టారు, బానే ఉంది. తిన్నాను. మీ చేతి కూడు తింటా మీ అబద్ధం కూడా తిన్నాను."

జీవరత్నానికి క్షమించమని నోటిదాకా వచ్చింది గాని, అది అడగడం కూడా తన కోసం తను అడుక్కోవడమే అనిపించి మింగేసింది.

పాపాయమ్మ దిండు కింద తడిమి ఫోను తీసి, కూతురి బొమ్మ మీద వేలు నొక్కి, జీవరత్నం చేతిలో పెట్టింది. "మీరే చెప్పండి. నేను మళ్ళీ రమ్మంటే, ముసల్దానికి బెంగొచ్చి పిలుస్తందనుకుంటది. చెప్పిన నోటితోనే చెప్పండి."

గాయత్రి ఫోను ఎత్తింది. చేతులు పిండితో ఉన్నాయి. కొత్త ముఖం చూసి బెదిరింది. "ఎవరండీ? అమ్మకేమైంది?"

"అమ్మ బాగానే కూర్చుంది తల్లీ. నా పేరు జీవరత్నం. డాక్టరమ్మ మాటలు మీ అమ్మకి తెలుగులో చెప్పేదాన్ని. నిన్ను రావద్దని ఆ అమ్మాయి చెప్పలేదమ్మా. నేను కల్పించి చెప్పాను. అమ్మకి జబ్బు పెద్దది. నువ్వు రావాలి."

గాయత్రి వెనక్కి తిరిగి ఆ వంటిల్లు ఒకసారి చూసింది. తర్వాత, "నేను వెళ్ళనని చెప్పేశానండీ మా ఇంటి మేడమ్‌కి. నా సెలవు నాతో పనిచేసే శ్రీలంక ఆవిడకి ఇచ్చేశారు. ఆవిడ రేపే ఎక్కుతోంది విమానం" అంది గాయత్రి. కోప్పడలేదు. చెంపల మీద పిండి అంటుకుంటున్నా ముంజేత్తో కళ్ళు తుడుచుకుంటోంది. "మళ్ళీ అడుగుతాను. కాళ్ళావేళ్ళా పడతాను. పంపిస్తే పంపిస్తారు, లేకపోతే... ఆంటీ, ఎన్నాళ్ళుంది? అమ్మకి ఎన్నాళ్ళుందో ఆ డాక్టరమ్మని అడిగి చెప్పండి. దాన్నిబట్టి మాట్లాడాలి నేను."

పాపాయమ్మ కూడా వింటోంది. మంచాల మీద వాళ్ళందరూ వింటున్నారు.

జీవరత్నం మేగన్ వైపు తిరిగి అడిగింది. మేగన్ చెప్పింది. మాట మాటకీ ఆగుతూ చెప్పింది, ఒక్కటీ జారిపోకుండా ఈవిడ పట్టుకోవాలన్నట్టు.

"నాకు తెలియదంటోంది" అంది జీవరత్నం ఫోనులోకి. "తను డాక్టరు కాదట. నర్సు కూడా ఇంకా కాదట, రెండో సంవత్సరం చదువుతున్న పిల్లట. ఎన్నాళ్ళన్నది విక్రమ్ డాక్టరుగారు చెప్పాలట. ఇప్పుడే వెళ్ళి ఆయన్ని ఈ మంచం దగ్గరికి పిలుచుకొస్తుందట, నువ్వు ఫోను పెట్టెయ్యకుండా ఉండమంటోంది. ఆ రోజు నీకు చెయ్యి ఊపినందుకు క్షమించమంటోంది. తనకి తెలియదట."

మేగన్ అప్పటికే తలుపు వైపు నడుస్తోంది.

"ఇంకేవంది?" అంది పాపాయమ్మ.

"అంతే అంది."

"ఇంకేం అనలేదా?"

"అనలేదు."

పాపాయమ్మ ఆ మాటకి తల ఊపలేదు. చెయ్యి చాచి ఫోను తీసేసుకుంది. కూతురి ముఖం తన ముఖానికి దగ్గరగా పెట్టుకుని, "ఏడవకే, పిండి కళ్ళలో పడుద్ది. నాకు తెలిసిందిలే" అంటోంది. స్టూలు ఖాళీగా ఉంది. కూర్చోమని జీవరత్నంతో ఎవరూ అనలేదు. డాక్టరుగారితో వచ్చాక మేగన్ ఏమైనా అంటే ఆ మాట పాపాయమ్మకి అందించడానికి మనిషి కావాలేమోనని, ఆవిడ మంచం చివర, నిన్నటిదాకా శోభనాద్రి నిలబడ్డ చోట నిలబడి ఉంది.